కడిగినమ్మ ఇల్లు

2011 జూన్ 27, సోమవారం

పొద్దున పొగమంచు. పదింటికి విడిపోయింది. గడ్డి రెండో కోతకు ఇంకా పది రోజులు పడుతుంది.

ఈ నోటుపుస్తకం వాతావరణానికి. వడగళ్లు ఎప్పుడు పడ్డాయి, మొదటి మంచు ఎప్పుడు కురిసింది, ఉరుములు తొలగాలని గంట ఎప్పుడు కొట్టాను, ఇవే నలభై ఏళ్లుగా రాస్తున్నాను. మిగతావి అక్క నేజాతో మాట్లాడుకునేవాళ్లం. అంటే ఆమె మాట్లాడేది, నేను వినేవాణ్ని. మొన్న ఉపవాసకాలంలో ఆమె పోయింది. అప్పటినుంచి లోవ్రో అని నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఊరందరికీ నేను మెజ్నార్‌నే, చర్చిని చూసుకునేవాణ్ని. చర్చి తాళాలు, గంటలు, దీపం మా ఇంటివి. తాతల నాటినుంచీ అంతే. నాతో ఆఖరు.

ఇవాళ కింది ఊరినుంచి ఫాదర్ మాతియ వచ్చారు. వెంట ఒక అమ్మాయి. లూబ్లియానాలో పాత బొమ్మలు బాగుచేసే పని ఆమెది. పేరు బ్రీనా.

"మెజ్నార్‌గారూ, పునీత యెర్నెయ్ పండుగ లోపల మన చర్చి బలిపీఠం కొత్తదై పోవాలి. ఈమెకు ఏం కావాలన్నా మీరే చూడాలి" అన్నారు ఫాదర్‌గారు.

ఆ అమ్మాయి మెడ వెనక్కి వంచి చాలాసేపు చూసింది. ద్రాక్షతీగలు చుట్టుకున్న స్తంభాలు, నడుమ విశ్వాసం కోసం చర్మం ఒలిపించుకుని, దాన్ని చేతిమీద వేసుకుని నిలబడ్డ పునీత యెర్నెయ్, కుడివైపు దేవదూత, అన్నీ చూసి ఎడమవైపు దేవదూత దగ్గర ఆగింది.

"ఇతనికేమైంది మామా?"

"నల్లబడ్డాడు" అన్నాను.

"అది కనబడుతూనే ఉంది" అని నవ్వింది.

దాన్ని ఊళ్లో యేరా కడిగిన దేవదూత అంటారు. యాభై మూడేళ్ల కిందటి సంగతి. బిషప్‌గారు వస్తున్నారని మా పక్కింటి యేరా నీళ్లు పెట్టి కడిగింది. బంగారం ఊడిపోయింది. తరవాత డబ్బాలో దొరికే బంగారు రంగు పూశారు. అది నల్లబడింది.

జూన్ 28

వాన. ఏమీ లేదు.

జులై 3, ఆదివారం

ఎండ. గాలి పడమటినుంచి.

పూజ అయ్యాక వీదా టీచరమ్మ కాగితాల కట్టతో మా ఇంటికి వచ్చింది. ఊళ్లో ప్రతి ఇంటికీ పాత ఇంటిపేరు రాసిన మట్టిపలక కొడతారట. కాల్చిన మట్టి. కింది ఊళ్లలో ఇప్పటికే కొట్టారు. ఇళ్లు అమ్ముడుపోతున్నాయి, పేర్లు పోతున్నాయి, అందుకని. మన ఊళ్లో పండుగ నాటికి అన్ని గోడలమీదా ఉండాలంది.

"ఊళ్లో పాతవాళ్లు మీరే మామా. మీరు ఔనంటే ఔను, కాదంటే కాదు. నేను చదువుతాను, మీరు తల ఊపండి చాలు. మాట్లాడక్కర్లేదు, భయపడకండి."

నన్ను ఎరిగిన మనిషి. ఇరవై మూడు ఇళ్లు. ఒక్కొక్కటీ చదివింది. కుమ్మరి వాళ్లిల్లు, ఊపాను. మెట్ట మీద వాళ్లిల్లు, ఊపాను. మెజ్నార్ ఇల్లు అన్నప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం.

పద్నాలుగోది చదివింది. "కడిగినమ్మ ఇల్లు."

ఊపాను.

"ఇది మరీ పాత పేరు కాదేమో అనిపిస్తోంది. యేరా పిన్ని మీద వచ్చిన పేరే కదా. అంతకుముందు ఆ ఇంటిని ఏమనేవాళ్లు? ఎవర్నడిగినా గుర్తులేదంటున్నారు. పిన్నిని అడిగితే, మెజ్నార్‌ని అడుగు అంది."

తెలియదని తల అడ్డంగా ఊపాను.

ఆమె రాసుకుంది. పలకలు ఆగస్టులో కాలుస్తారట. కాల్చాక ఇక మార్చడానికి ఉండదని చెప్పింది.

తెలియదని ఎందుకన్నానో తెలియదు. మెడ దానంతట అదే ఊగింది.

జులై 4

పెత్రాచ్. పెత్రాచ్ వాళ్లిల్లు. నాకు తెలుసు.

జులై 8, శుక్రవారం

ఉక్క. సాయంత్రం ఉరుములు, వాన పడలేదు.

బ్రీనా ఎడమవైపు దేవదూతను కిందికి దించింది. నేనూ యోష్టూ పట్టుకున్నాం. యోష్ట్‌ది పూటకూళ్లిల్లు, ట్రాక్టరు, ఊరంత గొంతు. బెంచీల ముందు బల్లమీద పడుకోబెట్టాం. పైనున్నప్పుడు చిన్నవాడిలా ఉండేవాడు. దించితే ఏడేళ్ల పిల్లంత ఉన్నాడు.

ఆమె దూదిని ఏదో మందులో ముంచి, నల్లరంగు తుడవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి మొహం, మెడ, పొట్ట బయటపడ్డాయి. ఎర్రగా. చర్మం ఒలిచినట్టు.

"చూశారా, ఈ ఎరుపు మట్టిది. ముందు చెక్కమీద సుద్ద, దానిమీద ఎర్రమట్టి, ఆపైన బంగారు రేకు. అంతా జిగురుమీద నిలబడింది. ఈ జిగురుకు నీళ్లు పడవు. తడిగుడ్డ తగిలితే చాలు, మూడువందల ఏళ్ల బంగారం గుడ్డకొచ్చేస్తుంది."

"ఇది కడిగినమ్మ చేసిన పని" అని యోష్ట్ కథంతా చెప్పాడు. బకెట్టు, గుడ్డ, అప్పటి ఫాదర్‌గారు, అన్నీ. నేను పక్కనే ఉన్నాను.

బ్రీనా తల ఎత్తకుండా విన్నది. "పాపం, మెరవాలనే కదా కడిగి ఉంటుంది. నేను చూసిన ప్రతి మూడో చర్చిలో ఇలా కడిగిన దేవదూత ఒకడుంటాడు. ఒకచోట ఉల్లిపాయతో రుద్దారు, ఒకచోట బూడిదనీళ్లు. తెలియక చేశారు. అందులో తప్పేముంది?"

"కడగడం తప్పు కాదమ్మాయ్, కాదని బొంకింది చూడు, అదీ తప్పు. బకెట్టు పక్కన నిలబడి నేను కాదంది! అదే మా మెజ్నార్ మామను చూడు. అంతా తెలిసీ పక్కింటామె మీద ఒక్క మాట చెప్పలేదు. అప్పటి ఫాదర్‌గారు ప్రసంగంలో ఈయన్ని పొగిడారు. మా అమ్మ పోయేదాకా చెబుతూ ఉండేది, 'నోరంటే మెజ్నార్‌ది, బంగారు నోరు' అని."

నా వీపుమీద చరిచాడు.

గంటల తాళ్లకు నూనె రాయాలని చెప్పి బయటికి వచ్చేశాను. తాళ్లకు ఎవరూ నూనె రాయరు.

జులై 9

ముందు పేజీలో యేరా కడిగింది అని రాశాను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. అయినా అలాగే రాశాను.

జులై 10, ఆదివారం

ఆకాశం గురించి తరవాత.

1958. ఆగస్టు. నాకు ఇరవై నాలుగు. నాన్న పోయి ఏడాది. పండుగకు బిషప్‌గారు వస్తున్నారు. పీఠం మీది పనులు మగవాళ్లవి, నేలా పూలూ ఆడవాళ్లవి. పూల పని యేరాది. మా స్నేహితుడు ఉర్బన్‌ను పెళ్లాడి మూడేళ్లయింది. ఊళ్లో ఆమె పెట్టినట్టు పూలు ఎవరూ పెట్టేవారు కాదు.

నాన్న ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు. బంగారాన్ని బాతురెక్కతో దులపాలి, అంతే. ఎందుకో చెప్పలేదు. నేను అడగలేదు. కొవ్వొత్తుల మసి బాతురెక్కకు పోదు. ఈసారి మెరవాలనుకున్నాను. బిషప్‌గారు పైకి చూడాలి, ఇక్కడి మెజ్నార్ ఎవరని అడగాలి. అదీ నా ఆశ.

ఇంట్లో బల్లలు తోమే గోరువెచ్చని బూడిదనీళ్లు బకెట్టులో తెచ్చాను. నిచ్చెన ఎక్కాను. మొదటి తుడుపుకు మసి పోయింది. దేవదూత పొట్ట ఎంత మెరిసిందో. రెండో తుడుపుకు ఎర్రగా ఏదో కనబడింది. పాత మురికి అనుకున్నాను. ఇంకా గట్టిగా రుద్దాను. రుద్దినకొద్దీ ఎరుపు పెరిగింది. మురికే అనుకుంటూ మొహం కూడా రుద్దాను. గుడ్డ చూసుకునేదాకా తెలియలేదు. గుడ్డంతా బంగారం.

దిగాను. నిచ్చెన ఒక్కటే తీసి దాచాను. బకెట్టు తీయలేదు. ఇంటికి పోయి పడుకున్నాను, పట్టపగలు. నేజా గుడ్డ చూసింది. నన్ను చూసింది. పొయ్యిలో వేసింది. ఇద్దరం ఆ మాట మళ్లీ ఎత్తలేదు, ఆమె పోయేదాకా.

మర్నాడు నేను వెళ్లేసరికి యేరా డాలియా పూలు పట్టుకుని పీఠం ముందు ఉంది. పక్కన బకెట్టు. ఫాదర్‌గారు పైకి చూస్తున్నారు.

"ఎవరు చేశారీ పని?"

"నేను కాదండీ. నేనిప్పుడే వచ్చాను" అంది యేరా.

"మెజ్నార్, నీకేమైనా తెలుసా?"

నేను నేల చూశాను. అక్కడ ఒక రాయి పగిలి ఉంటుంది. ఇప్పటికీ ఉంది. ఫాదర్‌గారు నన్ను చూశారు, బకెట్టును చూశారు, యేరాను చూశారు. "సరేలే. అర్థమైంది" అన్నారు.

అంతే. నేను ఆమె పేరు చెప్పలేదు. ఎన్నడూ చెప్పలేదు. ఇన్నాళ్లూ ఈ మాటే చెప్పుకుంటున్నాను.

ఆ ఆదివారం ప్రసంగంలో, నోరు అదుపులో పెట్టుకోవడం మెజ్నార్‌ను చూసి నేర్చుకోండి అన్నారు. యేరాకు పూల పని తీసేశారు. ఆమె ముందు బెంచీనుంచి లేచి తలుపు పక్క ఆఖరి బెంచీకి పోయింది. ఇప్పటికీ అక్కడే. ఆమె కూతురు పావ్లాను క్రీస్తు శరీర పండుగ ఊరేగింపులో పూలు చల్లే పిల్లల్లో ఒక్క ఏడూ తీసుకోలేదు. బళ్లో కడిగినమ్మ కూతురు అనేవాళ్లు. తరవాత ఇంటికే ఆ పేరు పడింది.

డబ్బా రంగు పూసింది కూడా నేనే.

జులై 15

చిన్న వాన. బంగాళాదుంపకు మంచిది.

యేరా చర్చికి వచ్చింది. కర్ర పట్టుకుని, తన బెంచీ దగ్గరే ఆగింది.

"మంచి రోజు, మెజ్నార్."

యాభై మూడేళ్లుగా ఇదే పలకరింపు. పేరు పెట్టదు. అంతకుముందు పెట్టేది. ఉర్బన్, యేరా, లోవ్రో, ముగ్గురం ఒక్క బళ్లో చదివాం.

బ్రీనా బల్ల దగ్గరనుంచి పిలిచింది. "రండి పిన్నీ, దగ్గరికొచ్చి చూడండి. మొహం ఎంత బాగా చెక్కాడో!"

"నా చోటు ఇదేనమ్మా. ఇక్కణ్ణుంచి నాకు బాగానే కనబడుతుంది."

"ఊళ్లోవాళ్లు చెప్పింది పట్టించుకోకండి. నీళ్లతో కడగడం పెద్ద తప్పేం కాదు. ఆ రోజుల్లో ఎవరికి తెలుసు?"

"ఆ మాట కడిగినవాళ్లకి చెప్పు" అంది యేరా. "విని సంతోషిస్తారు."

నేను కొవ్వొత్తుల మైనం గీకుతున్నాను. గీకాల్సిన మైనం లేదు.

జులై 24, ఆదివారం

కొండ అవతలి యాత్రాస్థలానికి బస్సులో వెళ్లి వచ్చాను. పాపసంకీర్తనంలో నా తప్పు చెప్పుకున్నాను.

1959లో మొదటిసారి అక్కడే ఒక ముసలి సన్యాసికి చెప్పాను. ఆయన, వెళ్లి ఆమెకు చెప్పు, తరవాత నా దగ్గరికి రా అన్నాడు. మరుసటి ఏడు ఇంకో సన్యాసి దగ్గరికి వెళ్లాను. ఆయనా అదే అన్నాడు. ఏటా ఒకరిని మార్చాను. ఇవాళ్టి అబ్బాయికి ముప్పై కూడా ఉండవు. అదే అన్నాడు.

వచ్చే దారిలో బస్సు ఆగినచోట బీరు తాగాను. మంచి ఎండ.

ఆగస్టు 2

బ్రీనా అంది, కడగడం తప్పు కాదని. ఇన్నాళ్లూ ఆ తప్పు కిందే మిగతాదంతా దాచుకున్నాను. అది తీసేసింది. ఇక మిగిలింది నేను చెప్పకపోవడం ఒక్కటే.

ఆగస్టు 14, ఆదివారం

పొడి గాలి. గోధుమగడ్డి పసుపు.

పూజ అయ్యాక యోష్ట్ పూటకూళ్లింట్లో అందరూ కూడారు. పలకల పేర్లు అందరిముందూ చదివి ఖాయం చేయాలని టీచరమ్మ పట్టుదల. యేరా కూడా వచ్చింది. గోడవారన కూర్చుంది.

ఏ పేరు చదివినా నవ్వులే. కుమ్మరి వాళ్లిల్లు అనగానే యోష్ట్ అందుకున్నాడు. "మూడు తరాలుగా కుండ చేసినవాడు లేడు. పగలగొట్టినవాళ్లే!" కుమ్మరి వాళ్ల కోడలు ఊరుకుంటుందా. "నీ అప్పు పలకకి ఎక్కించమను, గోడంతా చాలదు" అంది. నేను ప్రతి పేరుకీ తల ఊపుతూనే ఉన్నాను.

"పద్నాలుగు. కడిగినమ్మ ఇల్లు" అని చదివి టీచరమ్మ ఆగింది. "యేరా పిన్నీ, మీకు అభ్యంతరం ఏమైనా ఉంటే చెప్పండి. ఇల్లు మీది."

"పేరు పెట్టినప్పుడు నన్నడిగారా? ఇప్పుడు పలక కాల్చేటప్పుడు అడగడం ఎందుకు?"

ఎవరూ నవ్వలేదు.

"మెజ్నార్‌ని అడుగు" అంది యేరా. "పాత పేర్లన్నీ ఆయనకి తెలుసు."

అందరూ నావైపు తిరిగారు. నోరు తెరిచాను. తెరిచానని ఖచ్చితంగా చెప్పగలను. 'పె' వరకు వచ్చింది. దగ్గాను.

"ముసలాయన్ని ఎందుకు ఇరికిస్తారు?" అన్నాడు యోష్ట్. "అప్పుడే నోరు విప్పనివాడు ఇప్పుడు విప్పుతాడా? బంగారు నోరు! రా మామా, ఒక గ్లాసు పుచ్చుకో."

పుచ్చుకున్నాను. తాగాను. టీచరమ్మ ఆ పేరు ఎదురుగా టిక్కు పెట్టింది. యేరా కర్ర తీసుకుని లేచింది. తలుపు దగ్గర ఆగి నావైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు.

ఆగస్టు 15

మరియమాత పండుగ. చర్చి గంటలు మూడూ కొట్టాం. కొట్టినంతసేపు ఏమీ వినబడదు. అది నయం.

ఉర్బన్ ఉన్నప్పుడు చిన్న గంట అతనిది, పెద్దది నాది. ఇరవై ఏళ్లు పక్కపక్కన నిలబడి కొట్టాం. ఒకసారి తాళ్లు కడుతూ అడిగాడు. "ఆ రోజు నిజంగా నువ్వేం చూడలేదా?" లేదన్నాను. ఆ రోజు గంటల తాళం తప్పలేదు. చేతులు బాగానే కొట్టాయి.

ఆగస్టు 20, శనివారం

వేడి. ఈగలు.

పలకలు వచ్చాయి. ఇటుకరంగు, అరచేయంత వెడల్పు, పక్కన చిన్న పువ్వు. నిచ్చెన నా దగ్గరే ఉందని గోడలకు కొట్టే పని నాకిచ్చారు. ఇరవై ఒక్క ఇళ్లకు కొట్టాను. ప్రతి ఇంట్లో ఒక గుక్క పళ్లసారా పోశారు. రెండు మిగిలాయి. ఒకటి మా ఇంటిది. ఇంకొకటి సంచిలో ఉంది.

కాల్చిన మట్టి నున్నగా ఉంది. అక్షరాలమీద వేలు పెడితే లోతు తెలుస్తుంది.

ఆగస్టు 21, ఆదివారం

తెల్లవారగానే కొట్టాను. మా ఇంటి తలుపు పక్కన, చర్చికి పోయేవాళ్లందరికీ కనబడేచోట. కడిగినమ్మ ఇల్లు. మెజ్నార్ పలక పెట్టెలో పెట్టేశాను.

నోరు రాకపోతే చేతులున్నాయి కదా అనుకున్నాను. గోడ చూసి ఊరికి అర్థమవుతుంది, నేను లోపల కూర్చుంటే చాలు అనుకున్నాను.

మొదట యోష్ట్ ట్రాక్టరు ఆపాడు. "ఏం మామా! నిన్న ఎన్ని గ్లాసులు పడ్డాయి? పలక మారిపోయింది!" నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. పూజకు వెళ్తున్నవాళ్లు ఒక్కొక్కరే ఆగారు, చూశారు, నవ్వారు. పాపం, కళ్లు పోతున్నాయి అంది ఒకామె. డెబ్బై ఏడు మరి అంది ఇంకొకామె. టీచరమ్మ లోపలికొచ్చి, నొచ్చుకోకండి మామా, రేపు మా ఆయన్ని పంపి సరిచేయిస్తాను అని నా చేయి పట్టుకుంది. నేను చేయి పట్టుకోనిచ్చాను.

సాయంత్రం యేరా వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని పలక చదివింది. కర్రతో తలుపు తట్టింది.

"మళ్లీ నోరు తెరవకుండానే."

బయటికి వచ్చాను.

"యాభై మూడేళ్లు మోశాను దీన్ని. ఒక మేకు కొట్టి తీసేసుకుందామనుకున్నావా? ఊరంతా నవ్వుతోంది, మెజ్నార్‌కి మతి పోయిందని. రేపు ఇంకా జాలిపడతారు. నీకు జాలి, నాకు పేరు. అప్పుడూ అంతే కదా."

"నీకు తెలుసా" అన్నాను. అంత మాట వచ్చింది.

"ఆ రోజు నీ గోళ్ల సందున బంగారం ఉంది. చేతులు వెనక్కి పెట్టుకున్నావు, నేను వెనకే నిలబడ్డాను."

"మరి చెప్పలేదే?"

"చెప్పాను. నేను కాదన్నాను. నావంతు అంతే. నువ్వని చెప్పాల్సింది నువ్వు." ఆమె కర్ర చేయి మార్చుకుంది. "ఉర్బన్ పోయేముందు అడిగాడు. నలభై ఏళ్లు కాపురం చేసి, మంచంమీద పడుకుని, నా చేయి పట్టుకుని అడిగాడు. యేరా, ఇప్పుడైనా చెప్పు, నువ్వు కడగలేదు కదా అని. నాకప్పుడు ఎలా ఉందో తెలుసా నీకు? ఆయనకీ అనుమానమే. అన్నేళ్లూ."

నేను నేల చూశాను. మా వాకిట్లో పగిలిన రాయి లేదు. ఏం చూడాలో తెలియలేదు.

"పలక తియ్" అంది. మేకు పీకి ఇచ్చాను. చంకలో పెట్టుకుంది.

"నోటితో చెప్పు. పండుగ రోజున, అందరూ ఉన్నప్పుడు. నువ్వు చెప్పేదాకా ఇది నా దగ్గరే ఉంటుంది. చెప్పకపోతే నా గోడకి నేనే కొట్టుకుంటాను. నాకు నిచ్చెన అక్కర్లేదు."

ఆగస్టు 23

గంటల గూట్లో చెప్పి చూశాను. రెండు మాటలు. పావురాలు లేచాయి.

ఆగస్టు 24

జ్వరం వస్తే బాగుండునని పొద్దున అనుకున్నాను. రాలేదు. అలా అనుకున్నందుకు ఇది రాస్తున్నాను.

ఆగస్టు 26, శుక్రవారం

చల్లగా ఉంది. కొండమీద మబ్బు.

దేవదూతకు బంగారం వేయడం అయిపోవచ్చింది. బ్రీనా ఉడుత వెంట్రుకల కుంచెను చెంపకు రాసుకుంటుంది. ఆ చెంప జిడ్డుకే రేకు కుంచెకు అంటుకుంటుంది. ఎర్రమట్టిమీద నోటితో ఆవిరి ఊది, చెమ్మ ఆరకముందే రేకు వదులుతుంది. చూస్తే ఊపిరి బిగబట్టాలనిపిస్తుంది.

ఎడమచెవి దగ్గర వేలెడంత మిగిలింది.

"మామా, నాకు పొద్దుటినుంచీ ఊది ఊది నోరెండిపోయింది. ఇక్కడ మీరు ఊదండి."

వద్దన్నాను.

"ఊదండి, నీళ్లు కాదుగా, ఊపిరే!"

వంగి ఊదాను. ఎర్రమట్టి కొంచెం ముదురు రంగుకు తిరిగింది. ఆమె రేకు వదిలింది. అంటుకుంది.

తరవాత నున్నని రాయితో రుద్ది మెరిపించింది. ఇంటికొచ్చి చేతులు చూసుకున్నాను. గోళ్లలో ఏమీ లేదు.

ఆగస్టు 28, ఆదివారం, పండుగ

ఎండ. గాలి లేదు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

చర్చి నిండిపోయింది. పై ఊళ్లవాళ్లు, కింది ఊళ్లవాళ్లు, పావ్లా కూడా పిల్లలతో వచ్చింది. దేవదూతలిద్దరూ ఒక్కలాగే మెరుస్తున్నారు. ఏది కుడో ఏది ఎడమో పిల్లలకు ఇక తెలియదు.

పూజ చివర, ఆశీర్వాదానికి ముందు ఫాదర్ మాతియ బ్రీనాకు కృతజ్ఞతలు చెప్పారు. తరవాత నావైపు చేయి చూపించారు. "యాభై ఏళ్లకు పైగా ఈ చర్చిని మాట లేకుండా, చప్పుడు లేకుండా కాపాడుకొచ్చిన మన మెజ్నార్‌గారికి..."

లేచాను. పీఠం పక్కన నా స్టూలు పడిపోయింది. చప్పుడైంది.

"నేనే కడిగాను" అన్నాను.

ఫాదర్‌గారు ఆగారు. ముందు బెంచీలో ఎవరో, ఏమంటున్నాడు అన్నారు. కళ్లు తిరుగుతున్నట్టున్నాయి, కూర్చోబెట్టండి అన్నారు ఇంకెవరో. యోష్ట్ లేచి నా వైపు రాబోయాడు. కూర్చుందామనిపించింది. కూర్చుంటే అయిపోయేది. ముసలాడు, మతి తప్పాడు, పోనీలే అనేవాళ్లు.

వెనకనుంచి గొంతు వచ్చింది. తలుపు పక్కనుంచి.

"వినబడలేదు, లోవ్రో. గట్టిగా చెప్పు."

గట్టిగా చెప్పాను.

"దేవదూతను కడిగింది నేను. బకెట్టు నాది. యేరా కాదు. యేరా అప్పుడే వచ్చింది. నేను చెప్పలేదు. ఫాదర్‌గారు అడిగినా చెప్పలేదు. ఉర్బన్ అడిగినా చెప్పలేదు. ఆ ఇంటిపేరు పెత్రాచ్. పెత్రాచ్ వాళ్లిల్లు. నాకు ఎప్పుడూ తెలుసు."

నా జన్మలో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడలేదు.

యోష్ట్ నిలబడ్డచోటే నిలబడిపోయాడు. తరవాత కూర్చున్నాడు. నావైపు చూడలేదు. ఫాదర్‌గారు ఆశీర్వాదం ఇచ్చారు. నేను పడిన స్టూలు లేపి నిలబెట్టాను.

అందరూ బయటికి వెళ్లారు. అక్రోటు రొట్టెలు, అకార్డియన్, పిల్లల అరుపులు. ఎవరూ నన్ను పలకరించలేదు. టీచరమ్మ ఒక్కతే ఆగి, పెత్రాచ్ ఎలా రాస్తారని అడిగి, కాగితం మీద రాసుకుని వెళ్లింది. మామా అనలేదు.

నేను దీపాలు ఆర్పి, తాళాలు తీసుకుని తలుపు దగ్గరికి వచ్చాను. యేరా లేచింది. బయటికి కాదు. ముందుకు. కర్ర చప్పుడు నేలమీద ఒక్కొక్కటే. పావ్లా పట్టుకోబోతే వద్దంది. పగిలిన రాయి దాటింది. పీఠం మెట్ల దగ్గర నిలబడి తల పైకెత్తింది. చాలాసేపు నిలబడింది.

ఆమె వచ్చేదాకా ఆగాలి కదా. ఆమె బెంచీమీద కూర్చున్నాను. ఈ చర్చిలో పుట్టినట్టే పెరిగాను, అక్కడ ఎప్పుడూ కూర్చోలేదు. కింద రాయి చల్లగా ఉంది. పాటలు పాడే పైమేడ స్తంభం కళ్లకు అడ్డం వస్తుంది. అక్కణ్ణుంచి పునీత యెర్నెయ్ కనబడడు. ఫాదర్‌గారు నిలబడేచోటు కనబడదు. పూలు కనబడవు. ఎడమవైపు దేవదూత ఒక్కడే కనబడతాడు.